వానల్లో తిరుపతి నుంచి ఫ్రెండ్‌తో కార్ ట్రిప్: ప్లాన్ మారినా ట్రిప్ చెడకుండా చూసుకోవడం ఎట్లా

పోయిన నవంబర్‌లో నేనూ నా ఫ్రెండూ, అదే మావాడూ, మూడు రోజుల ట్రిప్ వేసినాం. మొదటి రోజు తలకోన, రెండో రోజు హార్స్‌లీ హిల్స్, మూడో రోజు దిగొచ్చేటప్పుడు కాణిపాకం. మావాడు ఎక్సెల్ షీట్ కూడా చేసినాడు, అందులో ఏ ఊర్లో ఎన్ని గంటలకు టీ తాగాలో కూడా రాసి పెట్టినాడు. మూడు రోజులు తిరిగి ఇంటికొచ్చి చూసుకుంటే షీట్‌లో ఉన్న మూడింట్లో ఒక్కటి కూడా చూళ్లేదు. కానీ ట్రిప్ మాత్రం బ్రహ్మాండంగా జరిగింది, ఒక్కసారి తప్ప కొట్లాడుకోలేదు, బండికి గీత కూడా పడలేదు.

అప్పట్నించి తెలిసినోళ్లు అడగతానే ఉన్నారు, వానల్లో పోవచ్చా, ఏ రూటు మంచిది, కోనలు (కొండల్లో జలపాతాలుండే చోట్లు) తెరిచుంటాయా అని. ఒక్కొక్కరికీ చెప్పే ఓపిక లేక అంతా ఒకేచోట రాసేస్తున్నా. కొంచెం పొడుగు, తీరిగ్గా చదవండి.

స్టెప్ 1: మన వాన ఎటునుంచి వస్తుందో ముందు తెలుసుకోండి

హైదరాబాద్, విజయవాడ ఫ్రెండ్స్ "వానాకాలం అయిపోయింది కదా, అక్టోబర్‌లో వస్తాం" అంటారు. వాళ్లకి అయిపోయేటప్పటికి మనకి మొదలవుతుంది. జూన్ నుంచి సెప్టెంబర్ దాకా నైరుతి రుతుపవనాల్లో మనకు పడేది ఎక్కువగా సాయంత్రం ఉరుముల వాన, పగలంతా ఎండ మాడ్చి నాలుగు గంటలకు మబ్బు పట్టి గంటసేపు దంచి పోతుంది. ఆ సీజన్‌లో ట్రిప్ ఈజీ, పొద్దున్నే ఐదింటికి బయల్దేరి మూడు గంటలకల్లా రూమ్‌లో పడితే చాలు.

అక్టోబర్ నుంచి డిసెంబర్ దాకా వచ్చే ఈశాన్యం కథ వేరే. ఇది బంగాళాఖాతం నుంచి వస్తుంది. అల్పపీడనం, అది బలపడితే వాయుగుండం, ఇంకా బలపడితే తుఫాను. ముసురు పట్టిందంటే రెండు మూడు రోజులు ఎండ మొహం చూడం. 2021 నవంబర్ గుర్తుందిగదా, తిరుమల మెట్ల మీద నుంచి నీళ్లు జలపాతం మాదిరి దూకినాయి, కపిలతీర్థం దగ్గర చూస్తే భయమేసింది, రాయలచెరువు కట్ట తెగుతుందేమోనని చుట్టుపక్కల ఊర్లు ఖాళీ చేయించినారు. ఆ డిసెంబర్ 1న రెండో ఘాట్‌లో కొండచరియలు పడి రోడ్డు దెబ్బతినింది. కాబట్టి ఈశాన్యాన్ని తక్కువ అంచనా వేయొద్దు.

ఇంక అసలు పాయింట్. ఈశాన్యం వాన మామూలుగా తూర్పున జాస్తి, పడమరకు పోయేకొద్దీ తగ్గుతుంది. సూళ్లూరుపేట, తడ పక్క కుమ్మేస్తా ఉంటే మదనపల్లె పక్క ఒట్టి మబ్బే ఉండొచ్చు. కానీ అల్పపీడనం తీరం దాటి లోపలికొచ్చిందంటే లెక్క తిరగబడుతుంది, వాన కూడా దాంతోపాటే పడమరకు జరుగుతుంది, సముద్రం పక్క తెరిపిస్తుంది, పలమనేరు మదనపల్లె వైపు మొదలవుతుంది. మేము నేర్చుకున్నది ఇదొక్కటే, మిగతా స్టెప్పులన్నీ దీనికి తోకలే: అల్పపీడనం సముద్రంలో ఉంటే పడమరకు పోండి, తీరం దాటితే ఒకరోజు ఆగి దాని వెనకాల తూర్పుకు పోండి.

స్టెప్ 2: ప్లాన్ రాయొద్దు, దిక్కులు రాయండి

ఒక కాగితం మీద తిరుపతిని మధ్యలో పెట్టి మూడు గీతలు గీయండి.

పడమర గీత: చంద్రగిరి, భాకరాపేట, అక్కడ నుంచి కుడికి తలకోన, నేరుగా పోతే పీలేరు, మదనపల్లె, హార్స్‌లీ హిల్స్. తలకోన సుమారు 60 కిలోమీటర్లు, హార్స్‌లీ 140 పైన.

తూర్పు గీత: గుడిమల్లం, శ్రీకాళహస్తి, నాయుడుపేట, నేలపట్టు, సూళ్లూరుపేట, పులికాట్. కాళహస్తి 40 లోపే, సూళ్లూరుపేట దాకా పోతే రోజు దానికే సరిపోతుంది.

దక్షిణం గీత రెండుగా చీలుతుంది. ఒకటి పుత్తూరు, నారాయణవనం, కైలాసకోన, నాగలాపురం, సురుటుపల్లి. రెండోది చిత్తూరు పక్క, కాణిపాకం, మొగిలి ఘాట్, పలమనేరు, కుప్పం.

ఇప్పుడు ఒక్కో గీత మీద రెండు రకాల చోట్లు రాసుకోండి, వాన పడినా చూడగలిగేవి, వాన పడితే చూడలేనివి. కోనలు, కొండలు రెండో రకం. గుళ్లు, కోటలు, మ్యూజియంలు మొదటి రకం. చంద్రగిరి కోటలో రాజమహల్ మ్యూజియం ఉంది, గంటన్నర వానని లోపలే గడిపేయొచ్చు, కాకపోతే శుక్రవారం సెలవు. తిరుపతిలోనే ఇరుక్కుంటే అలిపిరి రోడ్డులో రీజనల్ సైన్స్ సెంటర్ ఉంది, పిల్లలకే అనుకోవద్దు, మావాడు అక్కడ అద్దాల ముందు అరగంట నిలబడినాడు.

ప్రతి గీత మీదా కనీసం ఒక్క మొదటి రకం చోటు ఉండాల్సిందే. మా షీట్‌లో ఉన్నింది ఇదే తప్పు, తలకోన, హార్స్‌లీ రెండూ వానకు పనికిరానివే, రెండూ ఒకే దిక్కు.

స్టెప్ 3: ఫోర్‌కాస్ట్ ఎట్లా చూడాలంటే

ఫోన్‌లో వచ్చే మబ్బు బొమ్మ, పక్కన 60 శాతం, దాన్ని చూసి ట్రిప్ డిసైడ్ చేయొద్దు. ముందురోజు రాత్రి ఐఎండీ (వాతావరణ శాఖ) వాళ్ల జిల్లా వార్నింగ్ చూడండి, మౌసమ్ యాప్‌లో ఉంటుంది. ఎల్లో అంటే గమనిస్తా ఉండమని, ఆరెంజ్ అంటే రెడీగా ఉండమని, రెడ్ అంటే ఇంట్లో ఉండమని అనుకోండి. వార్తల్లో "భారీ వర్షాలు" అని ఊరికే అనేస్తారుగానీ దానికీ లెక్కుంది, 24 గంటల్లో 64.5 మిల్లీమీటర్లు దాటితే భారీ, 115.6 నుంచి అతి భారీ, 204.4 దాటితే అత్యంత భారీ. మా రూలు ఏందంటే, ఎల్లోలో పోతాం, ఆరెంజ్‌లో పోతే వాన పడినా చూడగలిగే చోట్లకే పోతాం, రెడ్‌లో ఇంట్లో బజ్జీలు.

ఇంకోటి, మీరు పోయే ఊరి వార్నింగ్ ఒక్కటే చూస్తే చాలదు, దారిలో వచ్చే జిల్లాలన్నీ చూడాలి. 2022లో జిల్లాలు విడగొట్టినాక తిరుపతి వేరే, చిత్తూరు వేరే, పాత అలవాటుతో చిత్తూరు ఒక్కటే చూసి మోసపోతారు.

పొద్దున బయల్దేరే ముందు రాడార్ చూడండి. చెన్నై రాడార్ బొమ్మలో మన తిరుపతి కూడా వస్తుంది, ఐఎండీ సైట్‌లో ఫ్రీనే. నాలుగైదు బొమ్మలు వరసగా చూస్తే ఎర్ర పసుపు మచ్చలు ఎటు నడుస్తా ఉన్నాయో చిన్నపిల్లోడికి కూడా తెలుస్తుంది. రాబోయే మూడు గంటలకు నౌకాస్ట్ అని కూడా ఇస్తారు, రోడ్డు మీద ఉన్నప్పుడు పనికొచ్చేది అదే. పిడుగులకు దామిని యాప్ వేసుకోండి, బైకు మీద పోయేవాళ్లయితే తప్పనిసరి.

ఫోన్‌లో ఈ నంబర్లు సేవ్ చేసుకోండి: 112 ఎమర్జెన్సీ, 108 అంబులెన్స్, 1070 రాష్ట్ర విపత్తుల కంట్రోల్ రూమ్, 1033 నేషనల్ హైవే మీద బండి ఆగిపోతే.

ఇవన్నీ చూసినాక కూడా పోయే ఊర్లో ఒక మనిషికి ఫోన్ కొట్టండి, చుట్టమో, రూమ్ వాళ్లో, ఎవరో ఒకరు. "అన్నా, చెరువు మొరవ పోతా ఉండాదా?" అని ఒక్క మాట అడిగితే చాలు. చెరువు నిండి మొరవ, అంటే అలుగు, పోతా ఉందంటే కింద ఉన్న వంకలన్నీ (వాగులన్నీ) నిండుగా ఉన్నట్టే, ఇంక ఒక్క గట్టి వాన పడినా రోడ్డెక్కుతాయి. ఆ సంగతి ఏ యాప్‌లోనూ ఉండదు.

స్టెప్ 4: ఫ్రెండ్‌తో ముందే మాట్లాడుకోండి

చాలామంది ఈ స్టెప్ వదిలేస్తారు. వాన వల్ల ట్రిప్ చెడదు, వాన పడినప్పుడు "నేను ముందే చెప్పినా గదా" అనే మాట వల్ల చెడుతుంది.

మేము బయల్దేరే ముందురోజు రాత్రి తోపుడు బండి దగ్గర దోసె తింటా నాలుగు మాట్లాడుకున్నాం. ముందుకు పోవాలంటే ఇద్దరూ సరే అనాలి, వెనక్కి తిరగాలంటే ఒకడు అంటే చాలు, కారణం అడక్కూడదు. క్యాన్సిల్ అయిన డబ్బులు ఎవరు బుక్ చేసినా చెరి సగం, దాని మీద చర్చ లేదు. డ్రైవింగ్ చేసేవాడు ఫోన్ ముట్టుకోడు, పక్కన కూర్చున్నోడే రాడార్, మ్యాప్, ఫోన్ కాల్స్, పాటలు అన్నీ చూస్కోవాలి. ఇంట్లో ఒక్కరికి మాత్రం ప్లాన్ మారినప్పుడల్లా మెసేజ్ పెట్టాలి, మా వరకు అది మా అక్క, ఆమె "మళ్లీ మారిందా" అని ఒక నవ్వు బొమ్మ పెడతా ఉండింది మూడు రోజులూ.

రూమ్ బుకింగ్ గురించి ఒక మాట. ఈ సీజన్‌లో ఫ్రీ క్యాన్సిలేషన్ లేని రూమ్ రెండొందలు తక్కువకి వస్తుందని తీసుకోవద్దు. మేము తీసుకున్నాం. దాని సంగతి చివర్లో.

స్టెప్ 5: బండి

అన్నీ చెప్పను, సర్వీసింగ్ ఎట్లాగూ చేయించుకుంటారు. వాన కోసం నాలుగే చూడండి.

టైర్లు. గాడి లోతు 1.6 మిల్లీమీటర్ల కంటే తగ్గితే రూలు ప్రకారమే పనికిరాదు, కానీ తడి రోడ్డు మీద అంతకు ముందునుంచే జారుతుంది. గాడి లోపల అక్కడక్కడ చిన్న దిమ్మెలుంటాయి, టైరు అరిగి వాటికి సమానం అయిందంటే మార్చేయండి, ట్రిప్ అయినాక చూద్దాంలే అనొద్దు.

వైపర్ రబ్బర్లు. ఎండాకాలం అంతా మాడి గట్టిపడి ఉంటాయి. మా బండికి వైపర్ తిరిగినప్పుడల్లా డ్రైవర్ కళ్ల ముందు సరిగ్గా బెత్తెడు పట్టీ తుడవకుండా వదిలేసేది, మావాడు మెడ పక్కకు వంచి నడిపి నడిపి చంద్రగిరికే నొప్పి అన్నాడు. అక్కడే మార్పించినాం, ఐదు నిమిషాల పని. ఇంటి దగ్గరే చేసుకునుంటే పోయేది.

అద్దాల మీద ఆవిరి. లోపల ఆవిరి పట్టిందంటే చాలామంది గుడ్డతో తుడుస్తారు, అది మళ్లీ పడుతుంది. ఏసీ ఆన్ చేసి గాలి ముందు అద్దానికి మళ్లించండి, లోపలి గాలే తిరిగే బటన్ ఆఫ్ చేయండి, నిమిషంలో పోతుంది. ఆవిరి బయటి పక్క పట్టిందంటే ఏసీ మరీ చల్లగా ఉందని అర్థం, కొంచెం తగ్గించి వైపర్ ఒకసారి తిప్పండి.

ఇన్సూరెన్స్. ఇది మాత్రం పేపర్ తీసి చూడాల్సిందే. నీళ్లలో ఆగిపోయిన బండిని మళ్లీ స్టార్ట్ చేస్తే నీళ్లు ఇంజన్లోకి పోయి లోపల రాడ్లు వంకరపోతాయి, ఆ ఖర్చు మామూలు పాలసీలో సాధారణంగా రాదు, ఇంజన్ ప్రొటెక్ట్ అని విడిగా యాడ్ ఆన్ ఉండాలి. అది ఉన్నా లేకపోయినా నీళ్లలో ఆగితే తాళం తిప్పొద్దు, దిగి తోయించుకోండి.

స్టెప్ 6: బ్యాగులో

జిప్ కవర్లు, రెండు తువ్వాళ్లు, ఒక జత పొడి బట్టలు విడిగా కట్టి, టార్చి, పవర్ బ్యాంకు, దోమల క్రీము, కొంచెం చిల్లర డబ్బులు. కరెంటు పోయి సిగ్నల్ కూడా పోతే ఫోన్ పే పని చేయదు, మాకు ఒక ఊర్లో టీకి కూడా నోటే దిక్కయింది. మ్యాప్ ఆఫ్‌లైన్ డౌన్‌లోడ్ చేసుకోండి, భాకరాపేట దాటినాక అడవిలో సిగ్నల్ వస్తా పోతా ఉంటుంది. తినడానికి బొరుగులు, వేరుశెనగలు, నిమ్మకాయ పులిహోర. పెరుగన్నం వద్దు, కార్లో వాసన. షూస్ కాకుండా వెనక పట్టీ ఉండే చెప్పులు వేసుకోండి, తడిసిన షూ మూడు రోజులకూ ఆరదు.

స్టెప్ 7: బయల్దేరినాక ఎక్కడ డిసైడ్ చేయాలి

ప్రతి గీత మీదా ఒక ఆగే చోటు పెట్టుకోండి, అక్కడ టీ తాగతా రాడార్ చూసి, ఫోన్ చేసి, ముందుకా వెనక్కా తేల్చుకోవాలి. పడమరకు చంద్రగిరి దాటినాక ఘాట్ ఎక్కకముందు. తూర్పుకు శ్రీకాళహస్తి. దక్షిణానికి మొదటి చీలికైతే పుత్తూరు, రెండో చీలికైతే చిత్తూరు. ఈ చోట్లలో తిండి, రూమ్, పెట్రోలు మూడూ దొరుకుతాయి, వెనక్కి తిరగడానికి రెండో దారి కూడా ఉంటుంది. డిసైడ్ చేయాల్సింది ఇక్కడే, ఘాట్ మధ్యలోనో వంక ముందరో కాదు, అక్కడికి పోయినాక "ఇంత దూరం వచ్చినాం గదా" అనే దెయ్యం పట్టుకుంటుంది.

టైము కూడా పెట్టుకోండి. కొత్త చోటుకి మధ్యాహ్నం రెండు దాటినాక బయల్దేరొద్దు. నవంబర్‌లో ఆరు కల్లా చీకటి పడుతుంది, మబ్బుంటే ఇంకా ముందే.

రోడ్డు మీద: వానలో నడిచే బండికి నాలుగు ఇండికేటర్లూ వేసుకుని పోవద్దు, మీరు ఆగినారో పోతున్నారో వెనకోడికి తెలియదు, ఎటు తిరుగుతారో అంతకన్నా తెలియదు. హెడ్‌లైట్ కిందకి పడే లో బీమ్‌లో వేసుకోండి చాలు. ముందు బండికి మామూలుగా ఇచ్చే దూరానికి డబుల్ ఇవ్వండి. నిలిచిన నీళ్ల మీద స్టీరింగ్ ఒక్కసారిగా తేలిక అయిపోతే టైర్లు నీళ్ల మీద తేలుతున్నట్టు, బ్రేకు తొక్కొద్దు, యాక్సిలరేటర్ వదిలేసి స్టీరింగ్ నేరుగా పట్టుకోండి, అదే పట్టు దొరకబుచ్చుకుంటుంది.

స్టెప్ 8: వంక, చప్టా

ఇది రెండుసార్లు చదవండి.

మా మొదటి రోజు. చంద్రగిరిలో తుంపర, ఘాట్లో పొగమంచు, భాకరాపేట దిగేటప్పటికి వాన ఆగిపోయింది, ఎండ కూడా కొట్టింది. మావాడు పాటలు పెంచినాడు. తలకోన దారిలో ఒక చిన్న చప్టా, అంటే వంక మీద వేసే ఎత్తులేని సిమెంటు రోడ్డు, వచ్చింది, మామూలు రోజుల్లో అయితే అది చప్టా అని కూడా గుర్తుపట్టం. దాని మీద మోకాలి కిందకు నీళ్లు పోతా ఉన్నాయి. అవతలి పక్క ఒక ట్రాక్టర్ దాటి వచ్చేసింది కూడా.

"రేయ్, ట్రాక్టరే వచ్చింది, మన బండి పోదా" అన్నాడు మావాడు.

"ట్రాక్టర్ టైరు మన బండంత ఎత్తు ఉందిరా" అన్నా నేను.

దిగి నిలబడినాం. నీళ్లు మొదట్లో ఉడకేసిన టీ రంగులో ఉన్నాయి, మేము వాదించుకుంటా ఉండగానే ఎర్రగా చిక్కబడినాయి, ఎండాకులు, పుల్లలు కొట్టుకొస్తా ఉన్నాయి. చప్టా అంచున ఒక తెల్ల రాయి కనపడతా ఉండింది, నేను దాన్నే చూస్తా ఉన్నా. మావాడు ఫోన్ తీసి వీడియో మొదలుపెట్టి ఆపేలోగా ఆ రాయి మునిగిపోయింది. మా నెత్తిమీద ఎండ, చుక్క వాన లేదు. పైన శేషాచలంలో ఎక్కడో పడిన వాన అది, అరగంట ఆలస్యంగా మా దగ్గరికి వచ్చింది.

నేను వద్దన్నా. రూలు ప్రకారం ఒకడంటే చాలు, కారణం అడక్కూడదు. మావాడు కారణం అడిగినాడు. ట్రిప్ మొత్తం మీద కొట్లాడుకున్న ఒక్కసారి అదే, పది నిమిషాలు. అంతలో బైకు మీద ఒక పెద్దాయన వచ్చి ఆగి, నీళ్లు చూసి, ఒక్క మాట మాట్లాడకుండా స్టాండ్ వేసి చెట్టు కింద కూర్చున్నాడు. ఆయన ఇల్లు కనపడతా ఉంది అవతలి గట్టున. "ఇంటికి పోవాల్సినోడే కూర్చున్నాడు, చూడ్డానికి పోయేటోళ్లం మనమెంత" అన్నా, మావాడు ఏమీ అనకుండా బండి రివర్స్ తీసినాడు.

లెక్కలో చెప్పాలంటే ఒక అడుగు లోతు పారే నీళ్లు చిన్న కారుని తేల్చడానికి చాలు, రెండు అడుగులు చాలా బండ్లని ఈడ్చుకుపోతాయి. లోతు ఒక్కటే కాదు, కింద చప్టా ఉందో కోసుకుపోయిందో పైనుంచి తెలియదు. కాబట్టి నీళ్లు పారుతా ఉంటే, కింద రోడ్డు కనపడకపోతే, పక్కన లోతు చూపించే రాళ్లు లేకపోతే, ఈ మూడింట్లో ఏ ఒక్కటి ఉన్నా వెనక్కే. నిలిచిన నీళ్లయితే, చక్రం సగానికి తక్కువ ఉంటే, ముందు ఒక మామూలు కారు పోయి చూపిస్తే, ఫస్ట్ గేర్లో ఆపకుండా మెల్లిగా పోవచ్చు, దాటినాక బ్రేకు రెండు మూడుసార్లు లైట్‌గా తొక్కి ఆరబెట్టుకోవాలి. రాత్రిపూట అయితే అదీ వద్దు.

సురుటుపల్లి పక్క పోయేవాళ్లు ఇంకోటి గుర్తుపెట్టుకోండి. అరణియార్ నదికి పైన పిచ్చాటూరులో డ్యామ్ ఉంది, అది నిండితే గేట్లెత్తుతారు, వాన లేని రోజు కూడా నదిలో నీళ్లు పెరుగుతాయి.

స్టెప్ 9: కోనలు

తలకోన 270 అడుగుల ఎత్తు నుంచి పడుతుంది, మంచి వాన తర్వాత చూడాల్సిందే, కానీ "తర్వాత" అనే మాట ముఖ్యం. వాన ఆగి ఒకరోజు గడిచినాక పోండి, నీళ్లు ఉంటాయి, పిచ్చి ఉండదు. గట్టి వానలప్పుడు ఫారెస్ట్ వాళ్లు గేటు మూసేస్తారు, మూసినారంటే పక్కదారి చూపిస్తాం అనే కుర్రాళ్ల వెంట పోవద్దు. కైలాసకోన రోడ్డుకు దగ్గర, మెట్లు ఉంటాయి, పెద్దోళ్లతో పోవడానికి అదే నయం. నాగలాపురం కొండల్లో ఉండే కోనలు, తడ పక్క ఉబ్బలమడుగు, ఇవి వాగుల్లో నడిచిపోయే చోట్లు, ఈశాన్యంలో ఎల్లో ఉన్నా కూడా నేను పోను. ఏడాదికోసారైనా అక్కడ ఇరుక్కున్నోళ్ల వార్త చదవతానే ఉంటాం.

నీళ్లలో ఉన్నప్పుడు ఒకడు గట్టు మీద ఉండాలి. నీళ్ల రంగు మారినా, ఆకులూ పుల్లలూ ఎక్కువైనా, శబ్దం పెరిగినా, బట్టలు చెప్పులు అక్కడే వదిలేసి పక్కకు ఎక్కేయండి. కిందకి పరిగెత్తొద్దు, పక్కకు, పైకి.

స్టెప్ 10: ఘాట్లు, మంచు, ఏనుగులు

భాకరాపేట ఘాట్ చిన్నదే కానీ మలుపులు మోసం చేస్తాయి, దిగేటప్పుడు బ్రేకు మీద కాకుండా సెకండ్ గేర్లో దించండి. మంచులో హై బీమ్ వేస్తే తెల్ల గోడ తప్ప ఏమీ కనపడదు, లో బీమ్ వేసి ఎడమ అంచు గీతను పట్టుకుని పోవాలి. కొండ పక్కన ఎర్రమట్టి, చిన్న రాళ్లు రోడ్డు మీదికి జారి ఉన్నాయంటే పెద్దవి రావడానికి రెడీగా ఉన్నాయని, అక్కడ ఫోటోకి ఆగొద్దు.

చిత్తూరు నుంచి పలమనేరు పోయేటప్పుడు మొగిలి ఘాట్లో లారీలు జాస్తి, తడి రోజున లారీ వెనకాలే అతుక్కుని పోవద్దు. పలమనేరు, కుప్పం మధ్య కౌండిన్య అడవి, రాత్రి ఏనుగులు రోడ్డెక్కుతాయి. 2025లో కర్ణాటక నుంచి కుంకీ ఏనుగులను (అడవి ఏనుగులను తరమడానికి శిక్షణ ఇచ్చినవి) తెచ్చింది కూడా ఈ గొడవకే. చీకటి పడినాక ఆ రోడ్డు వద్దు, వాన ఉంటే అస్సలొద్దు.

స్టెప్ 11: ప్లాన్ పోయినాక

తలకోన నుంచి తిరిగొచ్చి చంద్రగిరి కోటలో సాయంత్రం గడిపినాం. వానకి తడిసిన రాజమహల్ ముందు ఒక్క మనిషి లేడు, రాతి గోడలు నల్లగా నిగనిగలాడతా ఉన్నాయి. రాత్రికి వార్తల్లో అల్పపీడనం తీరం దాటింది అన్నారు. అంటే రేపు హార్స్‌లీ పక్క వాన. రూమ్ వాళ్లకి ఫోన్ చేస్తే "మంచు సార్, కళ్ల ముందు చెయ్యి పెట్టుకున్నా కనపడ్డం లేదు" అన్నారు. అప్పుడే స్టెప్ 1లో రాసిన లెక్క మాకు వెలిగింది. పడమర గీత కొట్టేసి తూర్పుకు తిరిగినాం.

రెండో రోజు శ్రీకాళహస్తి. దర్శనం అయినాక కలంకారీ వేసేవాళ్ల ఇంటికి పోయినాం. కరక్కాయ, పాలల్లో నానబెట్టిన బట్టకి ఎండ కావాలి, ఉతికినాక కూడా ఎండే కావాలి, మూడు రోజులుగా అది లేదు. హాల్లో తాడు కట్టి సగం వేసిన చీర ఫ్యాను కింద వేలాడదీసినారు, ఇల్లంతా కరక్కాయ వాసన. ఆమె నేల మీద కూర్చుని వెదురు కలంతో నల్ల గీతలు మాత్రం వేసుకుంటా ఉండింది, కలానికి గుడ్డ చుట్టి ఉంది, దాన్ని మెల్లిగా వత్తితే రంగు దిగుతుంది. "ఎండొచ్చేదాకా గీతలే నాయనా, రంగులు తర్వాత" అనింది. మావాడు గంటసేపు కదల్లేదు. షీట్ ప్రకారం ఆ టైముకి మేము హార్స్‌లీలో సెల్ఫీలు తీసుకుంటా ఉండాలి.

గుడిమల్లం కూడా అదే రోజు అయిపోయింది, చాలామంది చూడరు, క్రీస్తుపూర్వం నాటిదని చెప్పే లింగం, గర్భగుడి నేలమట్టం కన్నా కిందకు ఉంటుంది, మెట్లు దిగాలి.

మూడో రోజు, తెరిపిచ్చింది. నాయుడుపేటలో ఆగి స్వర్ణముఖి నది ఎట్లా ఉందో, హైవే ఎట్లా ఉందో టీ కొట్లో అడిగి కనుక్కుని నేలపట్టు పక్షుల కేంద్రానికి పోయినాం. వానలు పడి చెరువు నిండితేనే అక్కడ గూడబాతులు (పెలికాన్లు) గూళ్లు కడతాయి, నీళ్లలో నిలబడిన కడప చెట్ల నిండా తెల్లగా అవే. మూడు రోజులు మమ్మల్ని తిప్పిన వానే వాటిని అక్కడ కూర్చోబెట్టింది.

ప్లాన్ పోయినప్పుడు ఇంకో చిన్న ట్రిక్కు, ముందు తినండి. ఆకలి మీద రూటు మార్చొద్దు. వేడిగా సంగటి, ఊరిబిండి పెట్టే మెస్సు దొరికితే ఇంకా మంచిది, తిన్నాక ఇద్దరికీ ఒకే రూటు మంచిదిగా కనపడుతుంది.

స్టెప్ 12: ఇంటికొచ్చినాక

కార్లో మ్యాట్లు అన్నీ తీసి ఆరబెట్టండి, వాటి కింద ఉండే కార్పెట్ కూడా చేత్తో నొక్కి చూడండి, తడిగా ఉంటే రెండు రోజుల్లో కంపు మొదలవుతుంది. బండి అడుగు భాగం నీళ్లతో కడిగించండి, పులికాట్ పక్క పోయుంటే మాత్రం తప్పక, ఉప్పునీళ్లు ఇనుముని తినేస్తాయి. బ్రేకు తొక్కితే కీచుమంటా ఉంటే మెకానిక్‌కి చూపించండి.

లెక్కలు ఆ రోజే చూసుకోండి. హార్స్‌లీ రూమ్ అడ్వాన్సు 1,500 వెనక్కి రాలేదు, మావాడు బుక్ చేసినాడు, వాడు అడగలేదు, నేను 750 కొట్టేసినా. రూలు రూలే.

షీట్ మాత్రం మావాడు డిలీట్ చేయలేదు. "ప్లాన్" అనే కాలమ్ పక్కన "జరిగింది" అని ఇంకో కాలమ్ పెట్టి మొత్తం నింపి పంపినాడు, టీ టైములతో సహా.